మొదలుపెట్టిన లక్ష్యాన్ని సగంలో వదిలేయకుండా ఎలా కొనసాగించాలి?

కొత్త భాష నేర్చుకోవాలనో, బరువు తగ్గాలనో, ఎన్నాళ్లుగానో మనసులో ఉన్న నవల రాయాలనో మొదలుపెట్టినవాళ్లకి మొదటి వారం పెద్ద కష్టంగా ఉండదు. కష్టమంతా తర్వాత మొదలవుతుంది. కొత్తదనం పోతుంది, ఫలితమేమో ఇంకా కంటికి కనిపించదు, 'ఇవాళ మూడ్ లేదు, రేపు చూద్దాం' అన్న మాట రోజూ లోపల్నుంచి వినిపిస్తుంటుంది. అక్కడే చాలామంది 'నాది ఆరంభశూరత్వమే, నాకు పట్టుదల లేదు' అని తేల్చేసుకుంటారు. నేను ఆ మాట ఒప్పుకోను. ఉత్సాహం ఎవరికీ రోజూ ఒకేలా ఉండదు. చివరిదాకా వెళ్లేవాళ్లు, అది లేని రోజున కూడా పని మొదలయ్యేలా ముందే ఏర్పాటు చేసుకుంటారు, అంతే. ఆ ఏర్పాటు ఎవరైనా చేసుకోవచ్చు.

1. ఇది ఎవరి కోరికో ముందు తేల్చుకోండి

ఒక కాగితం మీద 'ఇది నాకెందుకు కావాలి?' అని రాసి, తోచిన జవాబులన్నీ కింద రాయండి. తర్వాత ఒక్కోటి చదువుతూ, అది మీ ఇష్టం నుంచి వచ్చిందా, లేక నలుగురూ ఏమనుకుంటారోనన్న భయం నుంచి వచ్చిందా అని చూసుకోండి. మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ ర్యాన్ దశాబ్దాల తరబడి పనిచేసింది ఈ తేడా మీదే. నచ్చి చేసే పనిలో, విలువైనదని నమ్మి చేసే పనిలో మనిషి ఎక్కువ కాలం నిలబడతాడు. సిగ్గుతోనో భయంతోనో మొదలైనది, వెనక నుంచి తోసేవాళ్లు లేకపోతే ఆగిపోయే అవకాశం ఎక్కువ. జవాబులన్నీ రెండో రకమే వచ్చాయా? లక్ష్యాన్ని కాస్త మార్చి చూడండి. 'సన్నబడాలి' అన్నది ఎవరో అన్న మాట వల్ల పుట్టి ఉండొచ్చు గానీ, 'మెట్లెక్కితే ఆయాసం రాకూడదు' అన్నది మాత్రం మీదే.

2. అంకె పెట్టండి, గడువు పెంచండి

'వీలైనంత రాయాలి', 'బాగా చదవాలి' అనుకుంటే ఎంత చేస్తే చేసినట్టో తెలియదు, కాబట్టి ఎంత తక్కువ చేసినా సరిపెట్టుకోవచ్చు. స్పష్టంగా, కాస్త కష్టంగా ఉన్న లక్ష్యం 'నీకు చేతనైనంత చెయ్యి' అనే మాట కన్నా బాగా పని చేయిస్తుందని ఎడ్విన్ లాక్, గ్యారీ లేథమ్ ఎన్నో ఏళ్ల పరిశోధనలో చూపించారు. అయితే పని మీకు పూర్తిగా కొత్తదైతే ఫలితానికి అంకె పెట్టకండి, నేర్చుకోవడానికి పెట్టండి. ఈత రానివాళ్లు 'ఇన్ని నిమిషాల్లో అవతలి గట్టుకి చేరాలి' అనుకుంటే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు, 'ఈ వారం ఊపిరి ఎప్పుడు తీసుకోవాలో తెలుసుకోవాలి' అనుకుంటే ముందుకెళ్తారు.

గడువు విషయంలో మనమంతా ఆశావాదులమే. 1994లో అచ్చయిన ఒక అధ్యయనంలో విద్యార్థులు తమ థీసిస్ సగటున 34 రోజుల్లో అయిపోతుందని అంచనా వేశారు, తీరా పట్టింది 55 రోజులు పైనే. కాబట్టి మీకు తోచిన గడువుకి ఇంకో సగం కలిపి రాసుకోండి. ఆలస్యం అవుతోందన్న దిగులుతో వదిలేసే పని తప్పుతుంది.

3. ఎప్పుడు, ఎక్కడ, దేని తర్వాత అన్నది ముందే రాసి పెట్టుకోండి

ఈ మొత్తంలో ఒక్కటే చేసే ఓపిక ఉంటే ఇది చేయండి.

'రోజూ భాష నేర్చుకుంటాను' అన్నది కోరిక మాత్రమే. 'రాత్రి తిన్న కంచం కడిగి చేతులు తుడుచుకోగానే, కిటికీ పక్కన బల్ల దగ్గర కూర్చుని, నిన్నటి పది మాటలూ చూడకుండా రాస్తాను' అంటే అది ఏర్పాటు. రెండో దాంట్లో నిర్ణయం తీసుకోవాల్సిన పనే లేదు, చేతులు తుడుచుకోవడమే గుర్తు. 'ఫలానాది జరగగానే ఫలానాది చేస్తాను' అనే ఈ పద్ధతిని పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పరిశోధించి చూపించారు. 2006లో ఆయన, పాస్కల్ షీరన్ కలిసి ఇలాంటి 94 పరీక్షల ఫలితాలను ఒకచోట చేర్చి చూస్తే, ఉట్టి సంకల్పంతో ఉన్నవాళ్ల కన్నా ఇలా ముందే ఖాయం చేసుకున్నవాళ్లు లక్ష్యం చేరడంలో చెప్పుకోదగ్గంత ముందున్నారని తేలింది.

గుర్తుగా పెట్టుకునేది గడియారంలో సమయం కన్నా రోజూ ఎలాగూ చేసే పని అయితే మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే ఏడు గంటలు దాటిపోయినా మనకి తెలియకపోవచ్చు గానీ భోజనం అయిందని తెలియకుండా ఉండదు. బల్ల మీద నోట్‌బుక్ సాయంత్రమే తెరిచి ఉంచండి, నిన్న ఆగిన పేజీ దగ్గర పెన్ను పెట్టి. ఫోన్ పక్క గదిలో వదలండి. నోట్‌బుక్ ఎక్కడుందో వెతుక్కోవడం, ఫోన్లో ఒక మెసేజ్ చూసి పెట్టేద్దామనుకోవడం లాంటి చిన్న విషయాల దగ్గరే చాలా సాయంత్రాలు చేజారిపోతాయి.

4. ఎక్కడ ఆగిపోతారో ముందే ఊహించండి

విజయం సాధించినట్టు కళ్లు మూసుకుని ఊహించుకోమని చెప్పేవాళ్లు చాలామంది. గాబ్రియేల్ ఓటింగెన్ పరిశోధనల్లో తేలింది వేరు: ఉట్టి తీపి ఊహలు చాలాసార్లు పని చేసే ఊపును తగ్గిస్తాయి, మనసు అప్పుడే సాధించేసినట్టు తృప్తి పడిపోతుంది. ఆమె చెప్పేదేమిటంటే, కోరుకున్న ఫలితాన్ని ఊహించుకున్న వెంటనే, దానికి మీలోనే అడ్డొచ్చేది ఏమిటో కూడా ఊహించుకోండి. అలసటా? 'ఇంత నెమ్మదిగా వస్తోందేమిటి' అన్న చిరాకా? అది దొరికాక దానికీ పై పద్ధతిలోనే జవాబు రాయండి: 'అలసిపోయి ఇంటికొచ్చిన రోజున పది మాటలు కాదు, రెండు మాటలే రాస్తాను.'

5. మూడ్ కోసం ఎదురుచూడకుండా, ఐదు నిమిషాలే చేయండి

పని చేయాలనిపించాక మొదలుపెడదామనుకుంటాం గానీ, చాలాసార్లు జరిగేది తలకిందులుగా: మొదలుపెట్టాక చేయాలనిపిస్తుంది. డిప్రెషన్‌కి ఇచ్చే చికిత్సల్లో కూడా, మనసు బాగుపడేదాకా ఆగకుండా ముందు చిన్న పనులు చేయించే పద్ధతి ఒకటి ఉంది, అది బాగానే పనిచేస్తుంది. ఐదు నిమిషాలయ్యాక లేచిపోవాలనిపిస్తే నిజంగానే లేచిపోండి, ఆ రోజు లెక్కలోకి వచ్చినట్టే. ఇక్కడ మీకు మీరు ఇచ్చుకున్న మాట తప్పకండి. ఐదు నిమిషాలని చెప్పి బలవంతంగా గంట కూర్చోబెడితే రేపట్నుంచి మనసు ఆ ఐదు నిమిషాలకి కూడా ఒప్పుకోదు.

6. చేసింది కంటికి కనిపించేలా రాయండి

గోడ క్యాలెండర్ మీద ఒక గీత చాలు. 2016లో 138 అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణలో, ఎంతవరకు వచ్చామో గమనించుకునేవాళ్లు లక్ష్యాన్ని చేరే అవకాశం పెరిగిందని, మనసులో అనుకోవడం కన్నా రాసి పెట్టుకుంటే ప్రభావం ఇంకా ఎక్కువని తేలింది.

7. నడిమధ్యలో లక్ష్యాన్ని ముక్కలు చేయండి

గమ్యం దగ్గరపడే కొద్దీ వేగం పెరుగుతుందని 1930ల్లోనే క్లార్క్ హల్ ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో చూశాడు. మనుషుల్లోనూ అంతే. కానీ మొదట్లో 'ఇంత వచ్చాం' అన్న ఊపు, చివర్లో 'ఇంకెంత' అన్న ఊపు ఉంటాయి, మధ్యలోనే రెండూ ఉండవు. మూడు వందల పేజీల నవలలో నూట యాభయ్యో పేజీ దగ్గర ఉన్నవాళ్లకి ఒక పేజీ రాస్తే ఏమీ మారినట్టు అనిపించదు, రాసింది కొండంత కనిపిస్తుంది, మిగిలింది కూడా కొండంతే. ఇది మీ బలహీనత కాదు, ఆ చోటు అలాంటిది.

అక్కడ చేయాల్సింది మధ్య అనేదే లేకుండా చూసుకోవడం. మూడు వందల పేజీల సంగతి పక్కన పెట్టి, 'ఈ అధ్యాయం, పన్నెండు పేజీలు' అని రాసుకోండి. ఆ పన్నెండులో మొదటి సగం దాకా ఎన్ని అయ్యాయో లెక్కపెట్టండి, సగం దాటాక ఎన్ని మిగిలాయో లెక్కపెట్టండి, అంటే ఎప్పుడూ చిన్న అంకె వైపే చూస్తుండాలి. పన్నెండులో రెండు అయ్యాయంటే మూడోది రాస్తే ఎంత ముందుకెళ్తామో కనిపిస్తుంది. అయెలెట్ ఫిష్‌బాక్, మింజంగ్ కూ చేసిన పరిశోధన కూడా ఇదే చెప్తుంది.

8. ఒక రోజు తప్పితే ఏం చేయాలి?

చాలా లక్ష్యాలు ఆగిపోయేది ఆ తప్పిన రోజు వల్ల కాదు, మర్నాడు మనల్ని మనం తిట్టుకునే తిట్ల వల్ల. డైటింగ్ చేసేవాళ్ల మీద జానెట్ పోలివీ, పీటర్ హెర్మన్ చేసిన పరిశోధనల్లో ఇది స్పష్టంగా కనిపిస్తుంది: నియమం కాస్త తప్పిందని తెలియగానే 'ఎలాగూ పోయింది కదా' అని ఇంకా ఎక్కువ తినేస్తారు.

కానీ ఒక్క రోజుకి అంత శక్తి లేదు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 12 వారాల పాటు గమనిస్తే, ఒకసారి తప్పినంత మాత్రాన అలవాటు పడటంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అదే అధ్యయనంలో అలవాటు కుదరడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది, కొందరికి 18 రోజులే, ఇంకొందరికి 254 రోజుల దాకా పట్టొచ్చని లెక్క కట్టారు. ఏ అలవాటైనా ఇరవై ఒక్క రోజుల్లో కుదిరిపోతుందని చాలామంది చెప్పే మాట నమ్మి, ఇరవై రెండో రోజున ఇంకా కష్టంగానే ఉందని వదిలేయకండి.

తప్పిన మర్నాడు రెట్టింపు చేయొద్దు, మామూలుగా చేసే దాంట్లో సగమే చేయండి. ఎందుకు తప్పిందో ఒక్క వాక్యం రాయండి: 'బంధువులొచ్చారు, భోజనం ఆలస్యమైంది.' ఒకే కారణం మూడుసార్లు కనిపిస్తే లోపం మీలో కాదు, మీరు ఎంచుకున్న వేళలో ఉంది. మార్చేయండి. వారాలకి వారాలు పోయి ఉంటే సోమవారమో, నెల మొదటి రోజో, పుట్టినరోజో చూసుకుని మళ్లీ మొదలుపెట్టండి. అలాంటి రోజుల్లో కొత్తగా పని మొదలుపెట్టేవాళ్లు ఎక్కువని 2014లో వచ్చిన ఒక పరిశోధన చూపించింది. ఆ ఊపును వాడుకోవడంలో తప్పేమీ లేదు.

9. అయినా మనసు రాకపోతే

కాస్త విశ్రాంతి తీసుకున్నాక మళ్లీ కుదురుతుందేమో చూడండి. ఈ ఒక్క లక్ష్యమే కాదు, ఇష్టమైన వాటిమీద కూడా ఆసక్తి పోయి రెండు వారాలు దాటితే, అది బద్ధకం అనుకోకుండా డాక్టర్‌ని కలవండి. అలాంటిదేమీ లేదు, మిగతావన్నీ బాగానే ఉన్నాయి, ఇదొక్కటే మెడ మీద బరువులా ఉందంటే మొదట రాసుకున్న ఆ కాగితం తీసి మళ్లీ చదవండి. జవాబులు ఇప్పుడు మీవి కావనిపిస్తే ఆ లక్ష్యాన్ని వదిలేయడానికి సందేహించకండి, ఆ ఖాళీ అయిన సమయంలో ఏం చేస్తారో మాత్రం అదే రోజున రాసుకోండి.