అభ్యర్థి కానివారు ఎన్నికల కరపత్రం వేయించాలంటే

అనంతపురం జిల్లాలో కొందరు వేరుశనగ రైతులు కలిసి, ఎన్నికల వేళ పంటల బీమా గురించో హంద్రీ–నీవా నీళ్ల గురించో తమ మాటను అచ్చు వేయించి ఊళ్లలో పంచాలనుకుంటే, అందుకు ఏ పార్టీ అనుమతీ అక్కరలేదు. రాజ్యాంగం 19వ అధికరణంలోని భావప్రకటన స్వేచ్ఛ పోటీ చేసేవారికే కాదు, ఓటు వేసేవారికీ ఉంది. అయితే మన రాష్ట్రంలో అభ్యర్థి ఖర్చుకు అసెంబ్లీకి 40 లక్షలు, లోక్‌సభకు 95 లక్షల రూపాయల పరిమితి ఉంది. అదే ఖర్చును అభిమానుల పేరుతో పక్కదారిన పెట్టనిస్తే ఆ పరిమితి కాగితం మీదే మిగిలిపోతుంది కనుక, బయటివారి ప్రచారానికి చట్టం కొన్ని హద్దులు గీసింది.

రాతప్రతి సిద్ధం కాగానే, అది ఎవరినైనా గెలిపించమని అడుగుతోందా అని చూసుకోవాలి. అడుగుతుంటే ఆ అభ్యర్థి నుంచి ముందుగానే రాతపూర్వక అనుమతి తీసుకోవాలి, బిల్లు కూడా ఆయనకు అందజేయాలి, ఎందుకంటే అది ఆయన ఎన్నికల ఖర్చు లెక్కలోకి వెళుతుంది. అనుమతి లేకుండా ఖర్చు పెడితే భారతీయ న్యాయ సంహిత 176వ సెక్షన్ కింద 10,000 రూపాయల వరకు జరిమానా పడవచ్చు; పాత శిక్షాస్మృతిలో ఇది 500 రూపాయలే. ఖర్చు 10 రూపాయలు దాటకపోతే 10 రోజుల్లోగా ఆమోదం తెచ్చుకోవచ్చన్న పాత మినహాయింపు మాత్రం కొత్త చట్టంలోకీ అలాగే వచ్చింది. పది రూపాయలతో ఏ ప్రచారం చేయవచ్చో చట్టం రాసినవారే చెప్పాలి.

‘ఫలానావారిని ఓడించండి’ అని రాస్తే ఏ నిబంధనా లేదనుకోవద్దు. ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ సెక్షన్, అచ్చు విషయంలో అభ్యర్థికి మేలు చేసే కరపత్రానికీ కీడు చేసే కరపత్రానికీ ఒకే నిబంధన పెట్టింది. ఎన్నికల ప్రస్తావన ఉన్న పోస్టరు కూడా, అందులో ఎవరి పేరూ లేకపోయినా, దీని కిందికే వస్తుంది. సభ జరిగే తేదీ, చోటు మాత్రమే తెలిపే కాగితానికి మినహాయింపు ఉంది. చేత్తో రాసిన ప్రతులు తప్ప మిగిలినవన్నీ అచ్చు కిందే లెక్క కాబట్టి, జిరాక్సు తీయించినా ఇదే వర్తిస్తుంది.

ప్రెస్సుకు వెళ్లేటప్పుడు, ప్రచురణకర్తగా ఒకరు సంతకం చేసి, ఆయనను స్వయంగా ఎరిగిన ఇద్దరు ధ్రువీకరించిన డిక్లరేషన్‌ను, అంటే ప్రచురణకర్త ఎవరో తెలిపే పత్రాన్ని, రెండు ప్రతులుగా తీసుకువెళ్లాలి. సంఘం పేరుతో సరిపెట్టకుండా, బాధ్యత తీసుకునే మనిషి పేరు, చిరునామా రాయడం మంచిదని నా సలహా. ప్రచురణకర్త, ముద్రాపకుల పేర్లు, చిరునామాలు కరపత్రం ముందువైపునే కనబడాలి. అచ్చయిన తరువాత, ప్రెస్సువారు ఆ డిక్లరేషన్ ప్రతినీ, కరపత్రం ప్రతినీ, అది అచ్చయిన జిల్లా కలెక్టరుకు పంపాలి. ఎన్ని ప్రతులు వేశారో, ఎంత తీసుకున్నారో కూడా మూడు రోజుల్లో తెలపాలని ఎన్నికల సంఘం ఆదేశం. రాయదుర్గం వైపువారు బళ్లారిలో అచ్చు వేయించుకుంటే కాగితాలు బళ్లారి కలెక్టరుకే వెళ్లాలన్నమాట. ఇవేవీ పాటించకపోతే ఆరు నెలల వరకు జైలు గాని, 2,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు.

లోకల్ కేబుల్‌లో ప్రకటన వేయించాలంటే పని పెరుగుతుంది. సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్ 13న ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం టీవీ రాజకీయ ప్రకటనకు ఎన్నికల అధికారుల ముందస్తు ధ్రువీకరణ తప్పనిసరి. గుర్తింపు పొందిన పార్టీలు, అభ్యర్థులు ప్రసారానికి మూడు రోజుల ముందు దరఖాస్తు చేస్తే చాలు గాని, మీవంటి వారు ఏడు రోజుల ముందే చేయాలి. ఈ ప్రకటన ఏ పార్టీ, అభ్యర్థి ప్రయోజనం కోసమూ కాదని, వారెవరూ దీనికి డబ్బు ఇవ్వలేదని ప్రమాణపూర్వకంగా రాసివ్వాలి. చెల్లింపు చెక్కు లేదా డీడీ ద్వారానే జరగాలి, నగదు పనికిరాదు. పోలింగ్ ముగియడానికి 48 గంటల ముందు నుంచి టీవీలో ఎన్నికల ప్రచారం, బహిరంగ సభలు నిషిద్ధం. పోలింగ్ రోజున, అంతకు ముందు రోజున పత్రికల్లో వేసే ప్రకటనకూ ధ్రువీకరణ కావాలి.

కరపత్రాలు పంచేటప్పుడు డిక్లరేషన్ ప్రతి ఒకటి, ప్రెస్సు బిల్లు వెంట ఉంచుకుంటే తనిఖీ బృందం ఆపినా చూపించవచ్చు. పేరూ ఊరూ లేని కరపత్రం మీకు ఎదురైతే, ఎన్నికల సంఘం ఫిర్యాదుల యాప్ అయిన సీ–విజిల్‌లోనే ఫొటో తీసి పంపాలి, ఎందుకంటే ఫోనులో ముందుగా దాచుకున్న ఫొటోలను అది తీసుకోదు. యాప్ లేనివారు 1950 నంబరుకు ఫోను చేసి చెప్పవచ్చు.