సెర్చ్‌లో మాత్రమే కనిపించిన దొంగ పేజీలు

నేను మార్కెటింగ్ చూసే ఒక సైటుకు ఉన్నవి నలభై పేజీలే. ఒకరోజు గూగుల్‌లో సైట్ కమాండ్‌తో (ఒక సైటు పేజీలనే చూపించే వెతుకులాట) మా డొమైన్ వెతికితే వేలల్లో ఫలితాలు వచ్చాయి. అన్నీ జపనీస్ అక్షరాలే, నకిలీ బ్రాండ్ సరుకు అమ్మే పేజీలే. గుండె ఆగినంత పనైంది. తీరా లింకు నొక్కితే 404, అంటే పేజీ లేదన్న సందేశం.

చాలామంది ఇక్కడే సమస్య లేదనుకుని వదిలేస్తారు. కానీ వచ్చింది గూగుల్‌బాటా (పేజీలు చదివే గూగుల్ ప్రోగ్రామ్), మనిషా అని చూసి హ్యాకర్లు వేర్వేరు పేజీలు చూపిస్తారు. దీన్నే క్లోకింగ్ అంటారు. సైటు ఓనర్లకు గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్‌కి వెళ్లి లైవ్ టెస్ట్ పెట్టాక గూగుల్‌కి కనిపించే అసలు పేజీ బయటపడింది. అక్కడి యూజర్ల జాబితాలో మాకు తెలియని ఓనర్ ఒకరున్నారు! ముందు సర్వర్‌లోంచి వాళ్ల వెరిఫికేషన్ ఫైలు (ఓనర్ అని గూగుల్‌కి రుజువు చూపేది) తీసేశాను. అది ఉంటే, పేరు తొలగించినా మళ్లీ చేరిపోతారు.

హ్యాకర్లకు దారి ఇచ్చింది చాలాకాలంగా అప్‌డేట్ చేయని ఒక ప్లగిన్, అంటే సైటుకు అదనంగా తగిలించే ప్రోగ్రామ్. దాన్ని పీకేసి, మా సైటు నడిచే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ కోర్ ఫైళ్లు కొత్తవి ఎక్కించాను. అప్‌లోడ్స్ ఫోల్డరులో ఫొటోల మధ్య మూడు పీహెచ్‌పీ ఫైళ్లు (సర్వర్‌లో నడిచే కోడ్) దాక్కున్నాయి. ఫొటోలుండే చోట వాటికేం పని? అవీ తీసేశాను. పాస్‌వర్డులన్నీ మార్చి టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టాం.

దొంగ పేజీలకు 410, అంటే శాశ్వతంగా తీసేశామన్న సందేశం ఇచ్చాను. ఏ పేజీలకు రావద్దో బాట్‌లకు చెప్పే రోబోట్స్ ఫైల్లో మాత్రం బ్లాక్ చేయలేదు, గూగుల్‌బాట్ వచ్చి చూస్తేనే కదా అవి పోయాయని తెలిసేది. తర్వాత సెర్చ్ కన్సోల్‌లో రివ్యూ అడిగాను, సైటు హ్యాక్ అయిందన్న గూగుల్ హెచ్చరిక పోయింది. గూగుల్ ఇండెక్స్‌లో (సెర్చ్ కోసం దాచుకున్న పేజీల జాబితాలో) ఆ దొంగ పేజీలు ఇంకా కొన్ని మిగిలాయి. ఇప్పుడు ప్రతి సోమవారం కీవర్డుల కన్నా ముందు సెక్యూరిటీ రిపోర్టే తెరుస్తున్నాను.