విద్యార్థుల వివరాలున్న ఫైలు పంపే ముందు జాగ్రత్తలు

మార్కులు, హాజరు, ఫీజు బకాయిలు: కళాశాల సిబ్బంది చేతుల మీదుగా ఇవన్నీ రోజూ వెళ్తూనే ఉంటాయి. మెయిల్ పంపే ముందు ఇవి చూసుకోండి.

• అడిగింది ఎవరు? ప్రిన్సిపాల్ పేరుతో ‘అర్జంటు’ అని మెయిల్ వస్తే పేరుతో సరిపెట్టుకోక పూర్తి చిరునామా చదవండి. అనుమానం వస్తే అందులో ఇచ్చిన నంబరుకు కాకుండా, ముందునుంచీ మీ దగ్గరున్న నంబరుకు ఫోన్ చేయండి. తొందరపెట్టడమే మోసగాళ్ల మొదటి ఎత్తు.

• తల్లిదండ్రులమంటూ ఎవరో ఫోన్ చేస్తే మార్కులు చదివి వినిపించకండి. ఇక్కడ మొహమాటం పనికిరాదు.

• ఎక్సెల్ ఫైలైతే కాస్త ఎక్కువసేపు కూర్చోండి. దాచిన నిలువు వరుసలు కంటికి కనబడవు గానీ, ఫైలుతో పాటే వెళ్తాయి. అందుకున్నవారు ‘అన్‌హైడ్’ నొక్కితే చాలు, పుట్టిన తేదీలు, ఇంటి చిరునామాలు బయటపడతాయి. ఫిల్టర్ పెట్టినా అంతే. కావలసిన వరుసలను మాత్రమే కొత్త ఫైలులో విలువలుగా (‘పేస్ట్ వాల్యూస్’) అతికించి, దాన్నే పంపండి. పీడీఎఫ్‌లో పేర్లపై నల్లగీత గీసినా కింది అక్షరాలు కాపీకి దొరకవచ్చు.

• చాలామందికి పంపేటప్పుడు చిరునామాలు బీసీసీలోనే (ఒకరి చిరునామా మరొకరికి కనబడని గడి) పెట్టండి.

• ఫైలుకు పాస్‌వర్డ్ పెట్టి, దాన్ని అదే మెయిల్‌లో రాసేవారున్నారు! తాళంచెవిని గుమ్మానికే వేలాడదీసినట్టు. ఫోన్‌లో చెప్పండి.

• సీటు వదిలేటప్పుడు విండోస్ కీ, ఎల్ కలిపి నొక్కితే స్క్రీన్ లాక్ అవుతుంది. ప్రింటర్ ట్రేలో కాగితాలు వదిలేయకండి.

• పొరపాటున వేరేవారికి వెళ్లిందా? గుట్టుగా సర్దుకోవాలని చూడక వెంటనే పై అధికారికి చెప్పండి. పంపిన మెయిల్‌ను వెనక్కి తీసుకునే ‘రీకాల్’ను నమ్ముకోవద్దు, అవతలివారు అప్పటికే తెరిచి చూసి ఉండవచ్చు.