ఫ్లాంజికి నట్టు కొంటున్నారా? ముందు కొలిచి చూడండి

విజయవాడ ఆటోనగర్‌లో పైపులైన్లకు, వాల్వులకు నట్లు కొనేవారు చాలామంది స్టడ్‌కు (తల లేని, మరలున్న కడ్డీకి) ఒకసారి తిప్పి చూసి సంచిలో వేసేసుకుంటారు. మర ఎక్కితే చాలదు. ముప్పావు అంగుళం స్టడ్‌కు మామూలు నట్టు ఎదురెదురు పలకల మధ్య 1⅛ అంగుళాలుంటే, హెవీ హెక్స్ (ఆరు పలకల పెద్ద) నట్టు 1¼ అంగుళాలుంటుంది. మందమూ ఎక్కువే, దాదాపు స్టడ్ వ్యాసమంత. ఆవిరి లైను ఫ్లాంజికి, అంటే పైపులను కలిపి బిగించే చక్రం లాంటి అంచుకు, ఈ రెండోదే కావాలి. బిగింపు బలం ఎక్కువ మేర పరచుకుంటుంది, మరలు తెగే ప్రమాదం తగ్గుతుంది.

తర్వాత నట్టు ముఖం మీద గుర్తు చూడండి. బీ7 అనే ఉక్కు గ్రేడు స్టడ్‌కు సాధారణంగా జోడీ 2హెచ్ గ్రేడు నట్టు. ఏ గుర్తూ లేనిది ఎంత చవకైనా పక్కన పెట్టండి. దుకాణదారు ‘ఇదీ అదే సరుకండీ’ అంటాడు, అనక ఏమంటాడు!

అంగుళం దాటిన సైజుల్లో ఇంకో చిక్కు ఉంది. ఫ్లాంజి స్టడ్‌లకు సాధారణంగా అంగుళానికి 8 మరలు. 1⅛ అంగుళాల యూఎన్‌సీ (మామూలు ముతక మర) నట్టుకు మాత్రం 7. బలవంతంగా తిప్పితే రెండూ పాడవుతాయి. గాల్వనైజ్ చేసిన నట్టుకు పూత కోసం మర కాస్త వదులుగా కోస్తారు, కాబట్టి పూత లేని స్టడ్‌కు దాన్ని వేయకండి.