చెవిలో నాడి కొట్టుకుంటున్నట్టు ఉంటే ఏం చేయాలి?

రాత్రి లైటు ఆర్పి పడుకోగానే నా ఎడమ చెవిలో 'ఝుమ్... ఝుమ్... ఝుమ్' అని మొదలయ్యేది. దిండు లోపల ఎవరో మెల్లగా దరువేస్తున్నట్టు. లేచి కూర్చుంటే తగ్గేది, పడుకుంటే మళ్లీ అదే. నెల రోజులు ఎవరికీ చెప్పకుండా నాలో నేనే టెన్షన్ పడ్డాను. మీరలా చేయకండి.

1. ముందు నాడి పట్టుకుని చూడండి

మణికట్టు మీద, బొటనవేలి వైపు రెండు వేళ్లు ఆనించండి. చెవిలో చప్పుడు, వేళ్ల కింద నాడి ఒకేసారి పడుతున్నాయా? ఒక నిమిషం ఓపిగ్గా గమనించండి. నాలుగు మెట్లెక్కి వచ్చాక మళ్లీ చూడండి. నాడితో పాటు చప్పుడూ వేగం అందుకుంటే, అది చాలావరకు చెవి దగ్గరి నాళాల్లో రక్తం పారే శబ్దమే. ఈల వేసినట్టు, కీచుమన్నట్టు ఆగకుండా వినిపించే మామూలు హోరు వేరు. నాడితో సంబంధం లేకుండా రెక్కలు టపటపలాడినట్టు ఉంటే, నడిచెవిలోని చిన్న కండరాలు అదురుతుండవచ్చు.

ఏ చెవి, ఎప్పటి నుంచి, తల పక్కకు తిప్పితే మారుతోందా, వంగితే పెరుగుతోందా అన్నవి కాగితం మీద రాసుకోండి. మెడ నొక్కి చూసే ప్రయోగాలు మాత్రం మీరు చేయకండి. మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళాలు అక్కడే ఉంటాయి.

2. వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సినవి

చప్పుడుతో పాటు తీవ్రమైన తలనొప్పి వచ్చినా, చూపు మసకబారినా, మాట తడబడినా, మూతి వంకరపోయినా, చెయ్యి కాలు పట్టు తప్పినా ఆగొద్దు. తలకు దెబ్బ తగిలాక మొదలైనా అంతే. ఉన్నట్టుండి ఒక చెవి వినపడకపోతే అదే రోజు వెళ్లండి. మందు తొందరగా మొదలుపెడితే వినికిడి తిరిగొచ్చే అవకాశం ఎక్కువ.

3. ఈఎన్‌టీ డాక్టరుకు మొదటి మాటే ఇది చెప్పండి

"చెవిలో సౌండ్ వస్తోంది" అని ఊరుకోకండి. "నాడితో కలిసి కొట్టుకుంటోంది" అనండి. నేను మొదటిసారి ఆ మాట చెప్పలేదు, చుక్కల మందు రాసి పంపేశారు. రెండోసారి చెబితే డాక్టరు స్టెతస్కోప్ తీసి నా చెవి వెనకా, మెడ మీదా పెట్టి విన్నారు.

కారణాలు చాలా ఉంటాయి. గులిమి గట్టిపడినా, నడిచెవిలో నీరు చేరినా బయటి శబ్దాలు తగ్గి లోపలివి పెద్దగా వినిపిస్తాయి. రక్తహీనత, థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం, గర్భం వంటి వాటిలో రక్తం వేగంగా పారుతుంది. హైబీపీ, నాళాలు ఇరుకవడం కూడా కారణం కావచ్చు. తల లోపల ఒత్తిడి పెరిగినా ఇలాగే వినిపిస్తుంది. బరువు ఎక్కువున్న యువతుల్లో ఇది ఎక్కువ. చూపు దెబ్బతినే ప్రమాదం ఉంది కాబట్టి కంటి వెనక నరాన్ని పరీక్ష చేయించాలి.

వినికిడి పరీక్ష, రక్త పరీక్షలు అయ్యాక "అంతా నార్మల్" అంటే, రక్తనాళాలు కనిపించే ఎమ్మారై లేదా సీటీ అవసరమా అని తప్పకుండా అడగండి. ఆ ప్రశ్న అడగడం మీ హక్కు.

4. కారణం తేలకపోతే, రాత్రుళ్లు గడిచేదెలా?

నా రిపోర్టుల్లో ఏమీ తేలలేదు. చప్పుడు ఇంకా ఉంది, నిద్ర మాత్రం తిరిగొచ్చింది. నిశ్శబ్దంలోనే ఈ చప్పుడు పెద్దదవుతుంది. అందుకే గదిలో ఫ్యానో, వాన శబ్దమో సన్నగా నడవనివ్వండి. చెవిలో చప్పుడును పూర్తిగా ముంచేసేంత పెద్దగా అక్కర్లేదు, రెండూ కలిసి వినిపిస్తే చాలు. చెవుల్లో దూది పెట్టుకోకండి, ఇంకా పెద్దగా వినిపిస్తుంది. ఇంకో దిండు వేసి తల ఎత్తు చేసి, ఆ చెవి దిండుకు ఆనకుండా పడుకుని చూడండి.

అర్ధరాత్రి మెలకువ వస్తే దరువు లెక్కపెట్టడం మానేయండి. నేను లెక్కపెట్టిన కొద్దీ గుండె వేగం పెరిగేది, దాంతో చప్పుడూ పెరిగేది. లేచి వేరే గదిలో నాలుగు పేజీలు చదివి, కళ్లు బరువెక్కాకే మంచమెక్కేవాణ్ణి. దిగులు వదలకపోతే సైకాలజిస్టు దగ్గర సీబీటీ అనే మాటల చికిత్స ఉంది. చప్పుడు పోదు గానీ, దాని వల్ల కలిగే బాధ తగ్గుతుంది.

చప్పుడు తీరు మారినా, తలనొప్పి కొత్తగా తోడైనా పాత రిపోర్టులు పట్టుకుని మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లండి.