కోవిడ్ కాలంలో మీ జిల్లా పిల్లల్ని ఎంతవరకు కాపాడింది? లెక్క తీయడం ఇలా

లాక్‌డౌన్ నెలల్లో పిల్లలపై వేధింపుల ఫిర్యాదులు తగ్గాయని ఎవరైనా అధికారి గర్వంగా చెబితే తొందరపడి చప్పట్లు కొట్టకండి. 2020 మార్చిలో బడులు మూతపడ్డాయి, అంగన్‌వాడీలకు తాళాలు పడ్డాయి. చేతిమీద వాత చూసి ఏమయిందని అడిగే టీచరు, పాప రెండు రోజులుగా రాలేదేమని ఆరా తీసే ఆయా పిల్లలకు దూరమయ్యారు. కొట్టే మనిషీ, దెబ్బలు తినే పిల్లా ఒకే ఇంట్లో చిక్కుకున్నారు. ఫోను ఆ మనిషి జేబులోనే ఉంది.

ముందు నెలవారీ అంకెలు తెప్పించుకోండి. సమాచార హక్కు చట్టం కింద జిల్లా బాలల సంరక్షణ విభాగానికి దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. 2019, 2020, 2021 ఫిర్యాదులను పక్కపక్కన పేర్చండి. మొత్తం కంటే ‘ఎవరు చెప్పారు’ అన్న గడి ముఖ్యం. టీచర్ల వరుస ఖాళీ అయినప్పుడు ఆశా కార్యకర్తల వరుసో, ఇరుగుపొరుగు వరుసో పెరిగిందా? ఏదీ పెరగకపోతే ఆ తగ్గుదలను నమ్మకండి. పిల్లల పేర్లు, ఊర్లు మాత్రం అడగవద్దు. గుర్తింపు బయటపెడితే బాల న్యాయ చట్టం ప్రకారం ఆరు నెలల వరకు జైలు గానీ, 2 లక్షల రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు.

తర్వాత గడియారం చూడండి. సంరక్షణ అవసరమైన బిడ్డను తమ చేతికి తీసుకున్నవారు, ప్రయాణ సమయం పోను 24 గంటల్లోగా బాలల సంక్షేమ సమితి (అలాంటి పిల్లల బాగోగులు నిర్ణయించే జిల్లా కమిటీ) ముందు హాజరుపరచాలి. ఒక ఇరవై కేసులకు పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను వచ్చిన సమయం, సిబ్బంది ఆ ఇంటికి వెళ్లిన సమయం, సమితి ముందుకు తెచ్చిన సమయం రాసుకోండి. సోమవారం ఉదయం ఫోను వస్తే గురువారం మధ్యాహ్నం వెళ్లారనుకుందాం. ప్రయాణానికి పాసు దొరక్క ఆగారా, బండి లేక ఆగారా, అసలు ఎవరూ కదల్లేదా? ఈ మూడూ వేర్వేరు జబ్బులు, మందు కూడా వేరే. మూడింటినీ ‘ఆలస్యం’ అన్న ఒక్క మాట కింద కలిపేస్తే మీ శ్రమంతా వృథా.

కోవిడ్ వల్ల బాలల హోముల నుంచి ఇంటికి పంపిన పిల్లల సంగతి ఫోనులో కనుక్కుంటూ ఉండాలని 2020 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు సంక్షేమ సమితులను ఆదేశించింది. ఎన్నిసార్లు ఫోను చేశారన్నది సులువైన ప్రశ్న. ‘బాగానే ఉందండీ’ అన్నది పిల్లా, తండ్రా అన్నదే అసలు ప్రశ్న.

కోవిడ్‌తో తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకున్న పిల్లల కోసం 2021 మే 29న ప్రకటించిన ‘పీఎం కేర్స్ ఫర్ చిల్డ్రన్’ పథకం జాబితాను ఊళ్లలోని మరణాల రిజిస్టర్లతో పోల్చమని అధికారులను అడగండి. జాబితాకెక్కని పిల్లలెవరైనా ఉంటే అలా బయటపడతారు.

చివర్లో పిల్లలతో మాట్లాడాలనుకుంటే పెద్దల అనుమతి తీసుకోండి, బిడ్డకు ఇష్టమేనా అనీ అడగండి. గాయాలు తవ్వకండి. ‘అప్పట్లో కష్టం వస్తే ఎవరికి చెప్పేదానివి?’ అన్నది చాలు. మాటల్లో ఇప్పటికీ హింస జరుగుతున్నట్టు తెలిస్తే కాగితాలు పక్కన పెట్టి వెంటనే 1098కి ఫోను చేయండి.