జుట్టు పొడవుగా పెరగాలంటే కొనలను కాపాడుకోవడం ఎలా?

"ఎంత చేసినా నా జుట్టు భుజాలు దాటడం లేదు" అనే మాట చాలామంది నోట వింటుంటాం. నూనె మారుస్తారు, షాంపూ మారుస్తారు, ఎవరో చెప్పారని మాత్రలు కూడా మింగుతారు. తలకు రంగు వేసుకునేవాళ్లను ఒకసారి గమనించండి. నెల తిరిగేసరికి పాపిడి దగ్గర అసలు రంగు బయటపడుతుంది. అంటే జుట్టు పెరగడం ఆగలేదు. కుదుళ్ల దగ్గర నెలకు సుమారు ఒక సెంటీమీటరు, ఏడాదికి 12 నుంచి 15 సెంటీమీటర్లు పెరుగుతూనే ఉంటుంది. పైన పెరిగినంతా కింద తెగిపోతుంటే పొడవు ఉన్నచోటే ఉన్నట్టు కనిపిస్తుంది. పొడవు జుట్టు కావాలనుకునేవాళ్లు ముందుగా పట్టించుకోవలసింది ఈ తెగడాన్నే.

60 సెంటీమీటర్ల జుట్టు ఉందనుకోండి. దాని కొన చర్మంలోంచి బయటికొచ్చి నాలుగైదేళ్లు అయి ఉంటుంది. ఈలోగా అది వందల తలస్నానాలు చూసింది, వేలసార్లు దువ్వెన పళ్ల మధ్య నలిగింది. తల చర్మం దాటి బయటికి వచ్చిన వెంట్రుకలో జీవం ఉండదు. చర్మం మీద గాయమైతే మానుతుంది, వెంట్రుక మానదు. వెంట్రుక పైన చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి పరుచుకున్న సన్నని పొరలుంటాయి. రాపిడికి అవి లేచిపోతే లోపలి పీచు బయటపడుతుంది, అక్కడి నుంచే చివర చిట్లుతుంది. ఏళ్లుగా దాచుకున్న పట్టుబట్టను ఎంత సుతారంగా ఉతుకుతామో జుట్టు కొనలతోనూ అంత సుతారంగా ఉండాలి.

1. రాలిందా, తెగిందా? ముందు అది చూడండి

దువ్వెనలో చిక్కుకున్న నాలుగు వెంట్రుకలు తీసి తెల్ల కాగితం మీద పరచండి. వెంట్రుక నిండు పొడవు ఉండి, ఒక చివర చిన్న తెల్లటి గింజలా కనిపిస్తే అది కుదురు నుంచి రాలింది. పొట్టిగా ఉండి, ఏ చివరా గింజ లేకపోతే మధ్యలో తెగింది.

రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే. తలస్నానం చేయని రోజుల్లో రాలవలసినవి జుట్టులోనే చిక్కుకుని, స్నానం రోజున ఒక్కసారిగా చేతికి వస్తాయి. దానికి టెన్షన్ పడొద్దు. కాగితం మీద పొట్టి ముక్కలే ఎక్కువ ఉంటే ఈ వ్యాసంలోని మిగతా మాటలన్నీ మీకోసమే. గింజ ఉన్న వెంట్రుకలు గుప్పిళ్లకొద్దీ వస్తుంటే మాత్రం చివరి భాగం ముందు చదవండి. ఆ రెండు సమస్యలకూ మందు ఒకటి కాదు.

2. చిక్కు తీసే పద్ధతి మార్చండి

మిగతావన్నీ వదిలేసి ఈ ఒక్కటే మార్చుకున్నా కొన్ని నెలల్లో తేడా కనిపిస్తుందని నా నమ్మకం. ఎందుకంటే మనం రోజూ చేసేది ఇదే, రోజూ తొందరలో చేసేదీ ఇదే.

చాలామంది నడినెత్తి మీద దువ్వెన పెట్టి ఒక్క ఊపున కిందికి లాగుతారు. పైనున్న చిన్న చిన్న చిక్కులన్నీ కిందికి జారి, కొనల దగ్గర ఒకే ముడిగా బిగుసుకుంటాయి. దువ్వెన అక్కడ ఆగగానే ఇంకాస్త గట్టిగా లాగుతారు. "టక్" మని శబ్దం వస్తుంది. ఆ శబ్దం వెంట్రుకలు తెగిన శబ్దం.

అందుకే కింది నుంచి మొదలుపెట్టండి. జుట్టును నాలుగు పాయలుగా విడదీయండి. ఒక పాయను చేత్తో పట్టుకుని, ముందు కొన నుంచి నాలుగు వేళ్ల ఎత్తు వరకే దువ్వండి. అది సాఫీగా వచ్చాక ఇంకో నాలుగు వేళ్లు పైకి వెళ్లండి. అలా అలా కుదుళ్ల దాకా చేరాలి. చిక్కుకు కాస్త పైన పాయను రెండో చేత్తో బిగించి పట్టుకుంటే దువ్వెన లాగుడు కుదురు మీద పడదు, నొప్పి కూడా ఉండదు. పిల్లలకు తల దువ్వేటప్పుడు ఇలా పట్టుకుంటే ఏడవకుండా కూర్చుంటారు.

ముడి పడిన చోట దువ్వెన పక్కన పెట్టి వేళ్లతో విప్పండి. రెండు చుక్కల నూనెగానీ కొంచెం కండిషనర్ గానీ రాస్తే ముడి జారుతుంది. పళ్లు దూరం దూరంగా ఉన్న దువ్వెన వాడండి. పళ్ల మధ్య గరుకు అతుకులు ఉంటే అవి వెంట్రుకను గీరేస్తాయి కాబట్టి కొనేముందు వేలితో తడిమి చూడండి.

తడి జుట్టు మీద మరీ జాగ్రత్త. నీళ్లు పీల్చుకున్న వెంట్రుక ఉబ్బి, బాగా సాగుతుంది, పొడిగా ఉన్నప్పటికంటే తేలిగ్గా దెబ్బతింటుంది. నిటారు జుట్టువాళ్లు ముప్పాతిక వంతు ఆరాకే దువ్వడం మంచిది. బాగా ఉంగరాలు తిరిగిన జుట్టుకు లెక్క వేరు. అది పొడిగా ఉన్నప్పుడు దువ్వితేనే ఎక్కువ తెగుతుంది, కాబట్టి కండిషనర్ రాసి, తడిగా ఉండగానే వేళ్లతోనో పెద్ద పళ్ల దువ్వెనతోనో చిక్కు తీయాలి.

రోజుకు వందసార్లు దువ్వితే జుట్టు పెరుగుతుందనే పాత మాట నమ్మకండి. అన్నిసార్లు దువ్వితే వెంట్రుక మీది పొరలు అరిగిపోవడం తప్ప ఒరిగేదేమీ లేదు.

3. తలస్నానం: షాంపూ మాడుకు, కండిషనర్ కొనలకు

వారానికి ఎన్నిసార్లు అని అందరూ అడుగుతారు. దీనికి అందరికీ సరిపోయే అంకె లేదు. మాడు జిడ్డుగా, దురదగా ఉందంటే స్నానం వేళైనట్టే. కొందరికి అది ప్రతి రెండో రోజు, కొందరికి వారానికి ఒకసారి. తలస్నానం తక్కువ చేస్తే జుట్టు బాగా పెరుగుతుందని మురికితో ఉంచుకోవడం మాత్రం వద్దు. కుదుళ్లు ఉండేది మాడులోనే.

నీళ్లు పోసుకునే ముందే చిక్కు తీసేయండి. చిక్కుతో తడిపితే ముడులు ఇంకా బిగుస్తాయి. గోరువెచ్చని నీళ్లు చాలు. షాంపూను అరచేతిలో నీళ్లతో పలుచన చేసి, మాడు మీద మాత్రమే రాసి, గోళ్లతో కాకుండా వేళ్ల మెత్తని భాగంతో రుద్దండి. జుట్టంతా నెత్తి మీద కుప్పగా పోసి రెండు చేతులా నలపకండి. కడిగేటప్పుడు కిందికి జారే నురగే పొడవునా ఉన్న జుట్టును శుభ్రం చేస్తుంది.

తర్వాత నీళ్లు కాస్త పిండేసి, చెవుల కింది నుంచి కొనల దాకా కండిషనర్ రాయండి. రెండు మూడు నిమిషాలు ఉంచి కడగండి. కండిషనర్ వెంట్రుకకు తిండి పెట్టదు, దానికి ప్రాణం పోయదు. లేచిన పొరల మీద పలుచటి పూతలా పరుచుకుని రాపిడి తగ్గిస్తుంది. పాత కొనలకు కావలసింది సరిగ్గా అదే.

ఈత కొట్టే అలవాటున్నవాళ్లు కొలనులో దిగే ముందే మామూలు నీళ్లతో జుట్టు తడుపుకోండి. ముందే తడిసిన వెంట్రుక క్లోరిన్ నీళ్లను తక్కువగా పీలుస్తుంది. బయటికి రాగానే మళ్లీ కడిగేయండి.

4. ఆరబెట్టడం

తువ్వాలుతో తలను గట్టిగా తుడవడం, జుట్టును మెలితిప్పి పిండడం రెండూ మానేయండి. మెత్తటి పాత నూలు బట్టతో పాయలను అదిమి పట్టి నీళ్లు పీల్చనివ్వండి. బరువైన తువ్వాలును తల మీద ముడిలా చుట్టుకుని గంటసేపు తిరిగితే నుదుటి దగ్గరి వెంట్రుకల మీద లాగుడు పడుతుంది.

గంటల తరబడి తడిగా ఉంచడం కూడా జుట్టుకు మంచిది కాదు. 2011లో కొరియాలో జరిగిన ఒక ప్రయోగంలో డ్రయ్యర్‌ను జుట్టుకు 15 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని, ఒకేచోట ఆపకుండా కదుపుతూ ఆరబెట్టారు. దానంతటది ఆరిన జుట్టు లోపలి పొరల్లో కనిపించిన దెబ్బ ఇలా ఆరబెట్టిన జుట్టులో కనిపించలేదు. దగ్గరగా పెట్టి వేడి పెంచితే మాత్రం పైపొరలు బాగా పాడయ్యాయి. కాబట్టి తప్పనప్పుడు డ్రయ్యర్ వాడినా భయం లేదు, దూరం పాటించండి, తక్కువ వేడి పెట్టండి.

జుట్టు నిటారుగా చేసే ఇస్త్రీ పరికరం సంగతి వేరు. తడి జుట్టు మీద అది పెడితే వెంట్రుకలోని నీరు ఆవిరై బుడగలు కడుతుంది, వెంట్రుక అక్కడే విరుగుతుంది. పొడవు పెంచుకునే ఏడాది రెండేళ్లు దాన్ని పక్కన పెట్టమనే నా సలహా. జుట్టు రంగు తీసేసే బ్లీచ్ గురించీ అదే మాట.

5. నూనె ఏం చేస్తుంది, ఏం చేయదు

నూనె రాస్తే జుట్టు త్వరగా పెరుగుతుందని చెప్పలేం. తెగడం తగ్గుతుందని చెప్పగలం. 2003లో అచ్చయిన ఒక పరిశోధనలో కొబ్బరినూనెను, పొద్దుతిరుగుడు నూనెను, పెట్రోలియం నుంచి తీసే మినరల్ ఆయిల్‌ను పోల్చి చూశారు. కడిగేటప్పుడు వెంట్రుకలోంచి పోయే ప్రోటీన్‌ను తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే. దానిలోని లారిక్ ఆమ్లం అణువులు చిన్నవి, తిన్ననివి కావడంతో వెంట్రుక లోపలికి ఇంకగలవు. మిగతా రెండూ పైపైనే ఉండిపోతాయి.

కాబట్టి తలస్నానానికి గంటా రెండు గంటల ముందు, చెవుల కింది నుంచి కొనల దాకా రాసుకోండి. జుట్టు జిడ్డుతో వేలాడేంత అక్కర్లేదు. ఎక్కువ రాస్తే వదిలించడానికి షాంపూ ఎక్కువ కావాలి, రుద్దుడూ ఎక్కువవుతుంది.

చుండ్రు ఉన్నవాళ్లు మాడుకు నూనె రాసి రాత్రంతా ఉంచొద్దు. చుండ్రుకు కారణమైన మలస్సీజియా అనే శిలీంధ్రానికి కొవ్వే ఆహారం. కెటోకొనజోల్ లేదా జింక్ పైరిథియోన్ ఉన్న షాంపూను మాడుకు రాసి, పెట్టె మీద రాసినంతసేపు, సాధారణంగా మూడు నుంచి ఐదు నిమిషాలు, ఉంచి కడగండి. రాయగానే కడిగేస్తే ఫలితం ఉండదు.

6. జడ వదులుగా, చోటు మారుస్తూ

విరబోసుకున్న జుట్టు భుజాలకు, కుర్చీ అంచులకు, సంచి పట్టీలకు రుద్దుకుంటూనే ఉంటుంది. వదులుగా అల్లిన జడ దానికి చక్కని రక్ష. జడ వేశాక కనుబొమలు పైకి లాగినట్టున్నా, తల నొప్పి పుట్టినా బిగుతు ఎక్కువైందని అర్థం. ఏళ్ల తరబడి బిగించి కట్టేవాళ్లకు నుదుటి అంచునా కణతల దగ్గరా జుట్టు పలచబడుతుంది. మొదట్లోనే వదిలేస్తే తిరిగి వస్తుంది. చాలా ఏళ్లు సాగితే కుదురే పోతుంది, ఇక రాదు.

ఉత్త రబ్బరు బ్యాండ్లు వద్దు, బట్ట చుట్టినవి వాడండి. ముడి ఎప్పుడూ ఒకే ఎత్తులో వేయకండి, ఒకరోజు పైన, ఒకరోజు కింద. పడుకునేటప్పుడు వదులు జడ అల్లుకుని, నున్నటి శాటిన్ గలేబు దిండు మీద పడుకుంటే పొద్దున చిక్కు తక్కువగా ఉంటుంది. తడి తలతో పడుకోకండి.

7. కొనలు కత్తిరించడం

కత్తిరిస్తే జుట్టు వేగంగా పెరగదు. కొనకూ కుదురుకూ ఏ సంబంధమూ లేదు. కానీ చిట్లిన కొనను వదిలేస్తే ఆ చీలిక పైకి పాకుతుంది, అప్పుడు రెండు సెంటీమీటర్లతో పోయేది ఐదు సెంటీమీటర్లు అవుతుంది. మూడు నాలుగు నెలలకోసారి కొనలు చూసుకుని, చిట్లినంత మేరకే తీయించండి. అతికించే సీరమ్‌లు తాత్కాలికంగా కప్పుతాయంతే.

8. కుదురు నుంచి రాలుతుంటే

పెద్ద జ్వరం, కాన్పు, ఆపరేషన్, ఒక్కసారిగా బరువు తగ్గడం లాంటివి జరిగిన రెండు మూడు నెలలకు జుట్టు గుప్పిళ్లుగా రాలవచ్చు. కారణం పాతది కావడంతో చాలామంది దాన్ని మరిచిపోయి, మొన్న మార్చిన షాంపూను తిడతారు. ఈ రాలుడు చాలావరకు ఆరు నెలల్లో దానంతటదే తగ్గుతుంది. తగ్గకపోతే రక్తంలో ఐరన్ నిల్వ, థైరాయిడ్ పరీక్ష చేయించాలి.

వెంట్రుక అంటే చాలామటుకు కెరటిన్ అనే ప్రోటీనే. రోజూ తినే తిండిలో ప్రోటీన్, ఐరన్ తగినంత లేకపోతే పైన ఎన్ని పూతలు పూసినా లాభం ఉండదు. బయోటిన్ మాత్రలు మాత్రం ఎవరో చెప్పారని వేసుకోకండి. బయోటిన్ లోపం అరుదు. పైగా ఎక్కువ మోతాదులో వేసుకుంటే థైరాయిడ్ పరీక్ష, గుండెపోటును గుర్తించే ట్రోపోనిన్ పరీక్ష తప్పుగా రావచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో హెచ్చరించింది. విటమిన్ ఏ మోతాదు మించితే అదే జుట్టు రాలడానికి కారణమవుతుంది.

గుండ్రంగా మచ్చల్లా జుట్టు ఊడినా, మాడు ఎర్రబడి నొప్పి పెట్టినా, పాపిడి నానాటికీ వెడల్పవుతున్నా చర్మవైద్యుల దగ్గరికి వెళ్లండి. వీటిలో కొన్నింటికి మంచి మందులున్నాయి, తొందరగా మొదలుపెడితే ఎక్కువ జుట్టు నిలుస్తుంది.

ఇక ఎదురుచూడటం. జుట్టు పెరిగే దశ ఒక్కొక్కరికి ఒక్కోలా, రెండు నుంచి ఆరేళ్లు సాగుతుంది. అందుకే ఒకరికి నడుము దాటుతుంది, ఇంకొకరికి వీపు మధ్యలోనే ఆగుతుంది. పక్కవాళ్ల జడతో పోల్చుకుని బాధపడొద్దు. ఈరోజే ఒక పాయను కొలిచి, తేదీ వేసి రాసి పెట్టుకోండి. మళ్లీ మూడు నెలలదాకా టేపు తీయకండి. అప్పుడు కొలిస్తే మూడు సెంటీమీటర్ల వరకు పెరిగి కనిపించాలి. అంత లేకపోతే దువ్వెనలోని వెంట్రుకలను మళ్లీ తెల్ల కాగితం మీద పరిచి చూడండి.